తలుపు వెనక ఇంగ్లీషు

మా మామగారి గొంతు నాకు ఎంత బాగా తెలుసో, నా గొంతు ఆయనకు అంత తెలియదు. నేను కాపురానికి వచ్చి మూడేళ్లు నిండినా ఆయన నా నోటివెంట ఒక్క మాట వినలేదు. నేనేమీ మూగదాన్ని కాను. పుట్టింట్లో నా నోరు మూయించడానికి మా అమ్మ మొట్టికాయలు వేసేది. కానీ బెజవాడ సత్యనారాయణపురంలో మా అత్తవారింట కోడలు మామగారి ఎదుట పడకూడదు, పడినా మాట్లాడకూడదు. ఆయన వసారాలో ఉంటే నేను నడవ తలుపు వెనక ఉండాలి. ఆయనకు మంచినీళ్లు కావలసివస్తే "అమ్మాయిని కాసిని మంచినీళ్లు ఇమ్మను" అని మా అత్తగారితో అనేవారు. అత్తగారు పెరట్లో ఉంటే అదే మాట గోడతో అనేవారు. నేను చెంబు గడప మీద పెట్టి, తలుపు గొళ్లెం ఒకసారి చప్పుడు చేసి లోపలికి తప్పుకునేదాన్ని.

మా పుట్టింట్లో ఇలాంటివేవీ లేవు. మాది మైలవరంలో నేతవాళ్ల ఇల్లు. అక్కడ మామ మగ్గం గుంటలో కూర్చుంటే కోడలు పక్కనే కండెలు చుట్టేది. మాట్లాడుకోకపోతే పని సాగదు. మా మామగారి తండ్రీ నేసినవాడే. ఈయనకు రైల్వేలో బుకింగు గుమాస్తా ఉద్యోగం వచ్చాక ఇంట్లోంచి మగ్గం వెళ్లిపోయింది, పట్టింపులు వచ్చాయి. ఈ మాట ఒకసారి మా అత్తగారితో అంటే ఆవిడకు కోపం రాలేదు. "ఉద్యోగస్తుల ఇల్లన్నాక ఆ మాత్రం ఉండొద్దుటే?" అని నవ్వారు.

నా భర్త కాలవల ఆఫీసులో గుమాస్తాగా ఉండేవారు. నేను కాపురానికి వచ్చిన మూడో ఏట టైఫాయిడ్ వచ్చి, ఇరవై రోజులు మంచాన ఉండి పోయారు. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను. రాయడం మొదలుపెడితే ఇంక వేరే ఏదీ రాయలేను.

పెద్దకర్మ అయిన మర్నాడు మా అన్నయ్య వసారాలో కూర్చుని, "చెల్లెల్ని తీసుకుపోతానండీ. మా ఇంట్లో దానికి లోటేముంది?" అన్నాడు. మా అన్నయ్య మంచివాడు. వదినా మంచిదే. అయినా ఆ ఇంట్లో నా చోటు ఎక్కడో నాకు తెలుసు. రాట్నం ముందు ఒక పీట ఉంటుంది. పొద్దున ఆ పీట మీద కూర్చున్న మనిషి మళ్లీ వంటకే లేస్తుంది. మా మేనత్త ఆ పీట మీదే నలభై ఏళ్లు కూర్చుంది. ఆవిడకు లోటు చేశారని ఎవరూ అనలేరు, ఆవిడ మాత్రం మేం చూస్తూండగానే పీటతో పాటు అరిగిపోయింది. మా నాన్న బట్టల మూటలు మోసుకుని సంతలు తిరిగి నన్ను బెజవాడ ఆడపిల్లల బడిలో స్కూలు ఫైనలు దాకా చదివించింది దీనికేనా అని తలుపు వెనక నిలబడి ఏడ్చాను. ఏడుపు చప్పుడు కాకుండా ఏడవడం కూడా ఆ తలుపు వెనకే నేర్చుకున్నాను.

మా మామగారికి అది ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆయన మా అన్నయ్యతో, "శ్రావణ మాసం వెళ్లనివ్వవయ్యా, అప్పుడు చూద్దాం" అన్నారు.

అవి యుద్ధం రోజులు. మగవాళ్లు పటాలాల్లోకి పోతున్నారని టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆడవాళ్లను తీసుకుంటున్నట్టు మామగారు స్టేషనులో పాత స్నేహితుల దగ్గర విని వచ్చారు. అప్పటికి ఆయన రిటైరై ఏడాదైంది. వచ్చీ రాగానే చెప్పులైనా విడవకుండా, "అమ్మాయి స్కూలు ఫైనలు ప్యాసైందిగా? అడుగు" అన్నారు అత్తగారితో. ఆవిడ తల తిప్పి తలుపు వైపు చూశారు. నేను గొళ్లెం ఒకసారి కొట్టాను.

"ఇంగ్లీషులో మాట్లాడితే తెలుస్తుందా? అదీ అడుగు. అక్కడ పరీక్ష అదే. మనిషి కనపడడు. తీగలోంచి మాటలు వస్తాయి. విని అర్థం చేసుకోవాలి."

ఈసారి గొళ్లెం జోలికి పోలేదు. ఇంగ్లీషు నేను చదవగలను, చక్కగా రాయగలను. వింటే మాత్రం ఒక్క ముక్క ఎక్కేది కాదు. మా బళ్లో ఇంగ్లీషు పాఠం తెలుగులో చెప్పేవారు. స్టేషనులో దొరలు మాట్లాడుకుంటూ పోతుంటే ఆ మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో కూడా తెలిసేది కాదు. కాస్సేపు చూసి మామగారు, "తెలియదన్నమాట. సరే, నాకూ తెలిసేది కాదు" అంటూ గదిలోకి వెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చారు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. మామగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో టిక్కెట్ల కిటికీ దగ్గరికి ఏ దొర వచ్చి ఏమడిగినా "యస్ సర్" అనేవారట. ఒక దొర రైలు రద్దయిందా అని అడిగితే యస్ సర్ అన్నారు. రద్దు కాలేదా అని మళ్లీ అడిగితే దానికీ యస్ సర్ అన్నారు. ఆ దొర స్టేషను మాస్టరుతో చెప్పి నలుగురిలో చీవాట్లు పెట్టించాడు. తల కొట్టేసినట్టయిందట. ఆ సాయంత్రం నుంచీ కిటికీలోంచి విన్న సంభాషణలన్నీ ఇంటికి వచ్చి రాసుకోవడం మొదలుపెట్టారు. విన్నది విన్నట్టు, తెలుగు అక్షరాల్లో. ముప్పై ఏళ్లలో నూట పన్నెండు సంభాషణలయ్యాయి. వాటికి వరసగా అంకెలు వేశారు. మొదటిది బందరు రైలు ఎన్నింటికి అని అడిగిన పెద్దమనిషిది. పద్నాలుగోది గొడుగు పోగొట్టుకున్న పాదిరీది. ముప్పై రెండోది కుక్కను రైలు పెట్టెలోకి ఎక్కించనివ్వలేదని దొరసాని గార్డుతో పడిన తగాదా. అందులో గొప్ప విషయం ఒక్కటీ లేదు. సామాన్లు, ఆలస్యాలు, మంచుగడ్డ దొరకలేదని కోపాలు, పిల్లవాడికి అరటిక్కెట్టు ఎన్నేళ్ల దాకా అని వాదనలు. దొరల్లోనూ మనుషులే ఉన్నారని నాకు మొదట తెలిసింది ఆ పుస్తకంలోనే.

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలైంది. మామగారు వసారాలో బల్ల మీద, నేను నడవ తలుపు వెనక, మధ్య గడప దగ్గర బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని అత్తగారు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మర్యాద మార్చుకోవాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

"అమ్మాయితో చెప్పు. గొళ్లెం ఒకసారి కొడితే అవును, అర్థమైంది అని. రెండు కొడితే కాదని. మూడు కొడితే మళ్లీ చదవమని."

"వింటూనే ఉందిగా, నేను చెప్పడమెందుకూ?" అన్నారు అత్తగారు. అయినా నా వైపు తిరిగి మొత్తం చెప్పారు.

మామగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "గుడ్ మార్నింగ్. వాట్ టైమ్ డజ్ ది బందర్ ట్రెయిన్ లీవ్?" దొర మాటలు ముక్కుతో అనేవారు. గుమాస్తా మాటలు వినయంగా, కొంచెం వంగి అనేవారు. వంగడం నాకు కనపడదు, గొంతులో తెలిసేది. దొరసాని వచ్చిందంటే సన్నగా కీచుమనేవారు. ఇరుగుపొరుగులు మొదట్లో గోడ మీంచి తొంగిచూశారు. కొడుకు పోయిన బాధతో పెద్దాయనకు మతి చలించిందేమోనని అనుకున్నారట. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో కొడుకు పోయాక మొదటిసారి నవ్వు వినిపించింది ఆయన దొరసాని గొంతు పెట్టిన రోజునే. నవ్వింది అత్తగారు. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు కూడా.

మొదటి వారమంతా మూడు గొళ్లేలే. ఆయన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చదివేవారు. రెండో వారానికి మాటలు విడివిడిగా వినిపించడం మొదలైంది. తర్వాత ప్రశ్నలు వేసేవారు. "పాదిరీ గొడుగు ఫస్టు క్లాసులో మర్చిపోయాడా?" రెండు గొళ్లేలు. "వెయిటింగు రూములోనా?" ఒక గొళ్లెం. "గుమాస్తా వెతికి పెట్టాడా?" రెండు గొళ్లేలు. "పెట్టలేదు పాపం, ఆ గొడుగు స్టేషను మాస్టరు ఇంట్లో తేలింది" అని పుస్తకంలో లేని సంగతి కలిపేవారు. తర్వాత ప్రశ్నలు కూడా ఇంగ్లీషులోనే వేయసాగారు. చదివే వేగం పెంచారు. పక్క వీధి అవతల పట్టాల మీద షంటింగు ఇంజను కూత పెడుతుంటే కావాలని అప్పుడే చదివేవారు. తీగలో ఇంతకంటే గోలగా ఉంటుందిట.

శ్రావణం సగమయ్యేసరికి నేను మూడుసార్లు కొట్టడం మానేశాను. వంటింట్లో పోపు వేస్తూ కూడా వసారాలో ఆయన మెల్లగా చదివింది పట్టేసేదాన్ని. నిజానికి నా చెవి ఎప్పుడూ మొద్దు కాదు. మూడేళ్లుగా వసారాలో ఎవరొచ్చారో, ఏ మనసుతో మాట్లాడుతున్నారో మొహం చూడకుండా గొంతును బట్టి పోల్చుకోవడమే నా పని. తలుపు వెనక బతికే ఆడవాళ్లందరిదీ అదే విద్య. దానికి ఉద్యోగం ఇస్తారని మాత్రం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజు మామగారు జట్కా మాట్లాడారు. ఆయన ముందు తోలేవాడి పక్కన, నేను వెనక. ఎక్స్‌ఛేంజి దగ్గర ఆయన బయట వేపచెట్టు కింద నిలబడిపోయారు. లోపల మేం అయిదుగురం. మిగతా నలుగురూ గౌన్లు వేసుకున్న రైల్వే కాలనీ అమ్మాయిలు. ఇంగ్లీషులోనే నవ్వుకుంటున్నారు. వాళ్లు అనుకునే మాటలన్నీ నాకు అర్థమవుతున్నాయి! నా తెల్లచీర గురించి ఒకమ్మాయి జాలిగా అన్నది కూడా అర్థమైంది. జాలి సంగతి అటుంచి, అర్థమైనందుకు ఒళ్లు పులకరించింది.

అక్కడ అజమాయిషీ చేసే పెద్దావిడ ఒకామె ఉంది. నడివయసు, ఆంగ్లో ఇండియన్, కళ్లజోడు గొలుసుకు కట్టి మెళ్లో వేసుకుంది. ఆవిడ నా చెవులకు ఇనుప బద్దీతో ఉన్న డొప్పలు తగిలించి, మాట్లాడే గొట్టం నోటి ముందుకు జరిపి తలుపు వేసింది. పక్క గదిలోంచి ఒక మగగొంతు వచ్చింది. గుంటూరుకు మాట్లాడాలి, నంబరు ఫలానా, కాదు, ఆగండి, ముందు ఏలూరు ఇవ్వండి, అక్కడ లేకపోతేనే గుంటూరు, అదీ పది నిమిషాల్లో కాకపోతే వద్దు. గడగడా చెప్పేశాడు. ఒక్క మాట పోలేదు. అతను మధ్యలో ఒకసారి దగ్గింది కూడా విన్నాను.

"హావ్ యూ అండర్‌స్టుడ్?" అన్నాడు.

నేను గోటితో గొట్టం మీద ఒకసారి కొట్టాను.

"హలో? హావ్ యూ అండర్‌స్టుడ్?"

వినపడలేదేమోనని ఇంకొంచెం గట్టిగా కొట్టాను. ఒక్కసారే, స్పష్టంగా.

"ఆర్ యూ దేర్?"

మళ్లీ ఒకటి. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. తెలిసినా నోరు రాలేదు. మనిషి కనపడకుండా మగగొంతు వినిపిస్తే నా నోరు దానంతటదే మూసుకుపోతోంది, చెయ్యి గొళ్లెం కోసం వెతుక్కుంటోంది. నోరు తెరిచి గాలి పీలిస్తే గాలే వెనక్కి వచ్చింది. పక్కగదిలో అతను ఎవరితోనో, ఈ పిల్లకు ఒక్క ముక్క రాదు, పంపించెయ్యండి అన్నాడు. అదీ అర్థమైంది.

పెద్దావిడ తలుపు తీసి నన్ను చూసింది. ఏమనుకుందో, పెన్సిలూ కాగితమూ ఇచ్చి, విన్నది రాయమంది. రాశాను. ముందు ఏలూరు, తర్వాత గుంటూరు, పది నిమిషాలు, అంతా. ఎక్కడ దగ్గాడో అక్కడ దగ్గు అని కూడా రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, కళ్లజోడు తీసి నా వైపు చూసింది. తర్వాత వచ్చీరాని తెలుగులో, "చెవి ఫస్టు క్లాస్. నోరు ఎక్కడ? ఇంట్లో పెట్టి వచ్చినావా?" అంది. నవ్వలేదు. "వచ్చే గురువారం రా. నోరు తీసుకుని రా. లేకపోతే రావద్దు."

జట్కాలో తిరిగి వస్తున్నాం. మధ్యవర్తిగా మా అత్తగారు లేరు. మామగారు నన్ను అడగలేరు, అడగకుండా ఉండలేరు. రెండు వీధులు చూసి చూసి, ముందుకే చూస్తూ, "ఏమోయ్, పరీక్ష ఎలా జరిగినట్టు?" అన్నారు జట్కావాడితో.

"నాకేం తెలుసు బాబూ? నేను గుర్రం దగ్గర ఉంటిని గదా" అన్నాడతను బిత్తరపోయి.

నేను వెనక చెక్క మీద రెండుసార్లు కొట్టాను. ఆయన వీపు కాస్త వంగింది. ఇంటిదాకా మాట్లాడిందల్లా జట్కావాడు గుర్రంతోనే.

ఇంటికి వచ్చాక జరిగిందంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ గడప దాకా వెళ్లి ఆయనకు చెప్పారు. మామగారు చాలాసేపు పుస్తకం అట్ట మీద చెయ్యి రాస్తూ కూర్చున్నారు. "తప్పు నాదే. వినడమే నేర్పాను గాని, బదులు చెప్పడం నేర్పలేదు. రేపటినుంచి అమ్మాయి నోటితో జవాబు చెప్పాలి. నాకే చెప్పాలి" అన్నారు.

అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "కోడలు మామగారికి ఎదురు మాట్లాడడమా? ఈ ఇంట్లోనా? వీధిలో వాళ్లు ఏమంటారు?" అన్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని, వంకాయలు తరుగుతూ తనలో తనే వాదించుకున్నారు. రెండు వంకాయలు పుచ్చులు తేలినా చూసుకోలేదు. చివరికి గట్టిగా, వసారాకు వినపడేట్టు తీర్పు చెప్పారు. "ఇంగ్లీషులో మాట్లాడితే మాట్లాడినట్టు కాదు. నాకు అర్థం కాదుగా? నాకు అర్థం కానిది నా ఇంట్లో జరిగినట్టే కాదు. తెలుగులో మాత్రం ఒక్క ముక్క ఎత్తడానికి వీల్లేదు."

ఆవిడను ఏమని మెచ్చుకోవాలో నాకు ఈ రోజుకీ తెలియదు. ఏ కోర్టులోనూ అంత దొడ్డ తీర్పు ఎవరూ ఇచ్చి ఉండరు.

తీర్పయితే వచ్చింది గాని నోరు రాలేదు. శుక్రవారం ఆయన "వాట్ టైమ్ డజ్ ది బందర్ ట్రెయిన్ లీవ్?" అని అడిగి ఆగారు. జవాబు నాకు కంఠస్థం. పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. శనివారమూ అంతే. ఆదివారం గొంతులోంచి ఏదో వచ్చింది గాని అది ఏ భాషా కాదు. అత్తగారు తలుపు గొళ్లెం తాడుతో కట్టేశారు, కొట్టడానికి వీల్లేకుండా. నాకు నా మీదే మండిపోయింది. పెరట్లో గిలక దగ్గర నిలబడి బావిలోకి "గుడ్ మార్నింగ్ సర్" అని అరిస్తే ఖంగుమని వస్తోంది. తలుపు వెనకకు వచ్చేసరికి గొంతు పూడుకుపోతోంది.

మంగళవారం మా అన్నయ్య వచ్చాడు. శ్రావణం వెళ్లిపోయింది మరి. నాకోసం కొత్త చీర నేసి తెచ్చాడు, తెల్లదే. ఈ ఉద్యోగ ప్రయత్నం సంగతి విని, "పరీక్ష తప్పిందన్నమాట. పోనివ్వండి, మంచిదే. నలుగురు మగవాళ్ల మధ్య దానికెందుకండీ ఆ పాట్లు? రేపు పొద్దున బస్సుకు తీసుకుపోతాను" అన్నాడు. అతని గొంతులో ప్రేమ తప్ప ఏమీ లేదు. నాకు తెలుసు. ప్రేమగా తీసుకెళ్లి ప్రేమగా ఆ పీట మీద కూర్చోబెడతాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఉద్యోగం లేదు, గొంతు లేదు. తలుపు వెనక చీర మడత పట్టుకుని నిలబడ్డాను.

మామగారు పుస్తకం తెరిచారు. "కూర్చో నాయనా, పాఠం వేళైంది" అని, ముప్పై రెండో సంభాషణ మొదలుపెట్టారు. కుక్కను పెట్టెలోకి ఎక్కించనని గార్డు అంటాడు. దొరసాని కీచుమంటుంది. మా అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడని అతను బల్ల మీద ముందుకు జరిగిన చప్పుడును బట్టే నాకు తెలిసింది. గార్డు అంటాడు, మీ కుక్క వెనక బ్రేకు వ్యానులో సామాన్లతో వస్తుంది, మీరు మీ చోట కూర్చోండి అని. అక్కడ దొరసాని సరే అనాలి. పుస్తకంలో అంతే ఉంది.

మామగారు ఆగారు. పేజీ తిప్పలేదు. దొర గొంతు కాదు, గార్డు గొంతూ కాదు, తన సొంత గొంతుతో మెల్లగా అడిగారు. "మేడమ్, డూ యూ విష్ టు ట్రావెల్ టు మైలవరం?"

ఆ మాట పుస్తకంలో లేదు. ఉండడానికి మైలవరానికి రైలే లేదు. ఆ ప్రశ్న నన్ను అడిగారు. మూడేళ్లలో, గోడను కాదు, అత్తగారిని కాదు, నన్ను. ఇది నా బతుకు గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న. పెళ్లప్పుడు అడగలేదు, పై చదువు వద్దన్నప్పుడు అడగలేదు, చీర మార్చినప్పుడు అడగలేదు.

"నో, సర్" అన్నాను.

గొంతు బొంగురుగా వచ్చింది. అయినా వచ్చింది. ఒకసారి వచ్చాక ఇంక ఆగలేదు. "నో, సర్. ఐ డూ నాట్ విష్ టు ట్రావెల్. ఐ విష్ టు స్టే హియర్. ఐ విష్ టు వర్క్."

మామగారు, "వెరీ గుడ్, మేడమ్" అన్నారు. పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"ఏమంటున్నారండీ వీళ్లు?" అన్నాడు మా అన్నయ్య కంగారుగా అత్తగారితో.

"ఏదో రైలు గొడవ నాయనా. అమ్మాయికి టిక్కెట్టు వద్దుట" అన్నారావిడ, చేటలో బియ్యం మీదికి తల వంచుకుని. ఒక్క ముక్క అర్థం కాదన్న మనిషి! ఆ బియ్యంలో ఆ రోజు రాళ్లన్నీ అలాగే ఉండిపోయాయి, అన్నంలో మా అందరి పళ్లకూ తగిలాయి.

మా అన్నయ్య ఒక్కడే బస్సెక్కాడు. వెళ్లేముందు పెరట్లో నా దగ్గరికి వచ్చి, "కోపమా?" అన్నాడు. కాదన్నాను. అతనికి కాస్త కష్టమేసింది, నాకూ వేసింది. ఆ చీర మాత్రం చాలా ఏళ్లు కట్టుకున్నాను.

గురువారం నోరు తీసుకుని వెళ్లాను. అదే మగగొంతు, ఈసారి తెనాలి, బందరు, ఇంకేదో కోపం. అతను అన్నదంతా తిరిగి అప్పజెప్పి, చివర "ప్లీజ్ హోల్డ్ ది లైన్, సర్" అని నా తరఫున కలిపాను. పెద్దావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. కళ్లజోడు గొలుసు సర్దుకుని, "సోమవారం ఎనిమిది గంటలకు" అంది. బయట వేపచెట్టు కింద ఆయన నిలబడి ఉన్నారు. ఆ రోజు జట్కా చెక్క మీద నేను ఒకసారి కొట్టాను. ఆయన జట్కావాడి భుజం తట్టి, "గుర్రానికి కాస్త గడ్డి ఎక్కువ వేయవయ్యా ఇవాళ" అన్నారు.

ఉద్యోగంలో చేరాక కూడా ఇంట్లో మర్యాద మర్యాదే. ఆయన వసారాలో, నేను తలుపు వెనక. గొళ్లేనికి కట్టిన తాడు అత్తగారు విప్పేశారు. ఇంగ్లీషు పాఠాలు అయిపోయాయి కనుక మాటలు మళ్లీ ఆగిపోయాయి. ఆయనకు మంచినీళ్లు కావాలంటే గోడతోనే అంటున్నారు. పరీక్ష ప్యాసయ్యానన్న సంతోషంలో ఇది ఒక్కటే నాకు ముల్లులా ఉండేది. ఊళ్లో వాళ్లందరితో మాట్లాడుతున్నాను, ఈ నోరు ఇచ్చిన మనిషితో తప్ప.

చేరిన రెండో వారంలో ఒకరోజు, పొద్దున పదీ పదిన్నర అయి ఉంటుంది. నా ఎదుట బల్ల మీద వరసగా చిన్న చిన్న మూతలుంటాయి. ఎవరైనా పిలిస్తే వాళ్ల మూత టక్కున పడుతుంది. రైల్వే స్టేషను మూత పడింది. తీగ తగిలించి, "నంబర్, ప్లీజ్" అన్నాను.

జవాబు లేదు. వెనకాల ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు, ఎవరిదో కేక. "నంబర్, ప్లీజ్" అన్నాను మళ్లీ.

"గుడ్ మార్నింగ్, మేడమ్" అంది ముక్కుతో ఒక దొర గొంతు. "వాట్ టైమ్ డజ్ ది బందర్ ట్రెయిన్ లీవ్?"

మొదటి సంభాషణ. ఆయన ఊపిరి తీసిన తీరు కూడా నాకు తెలుసు. పాత స్నేహితులను బతిమాలి, స్టేషను ఫోను పట్టుకుని నిలబడ్డారు. అడగడానికి నంబరు లేదు, ఆ ఊళ్లో ఫోనున్న మనిషి ఒక్కడూ ఆయనకు తెలియదు. నేను పని చేస్తుంటే నా గొంతు ఎలా ఉంటుందో వినడానికి వచ్చారు. పెద్దావిడ నా వెనకాలే అటూ ఇటూ తిరుగుతోంది. రాసి ఇచ్చిన మాటలు తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడకూడదని అక్కడ నిబంధన. ఇంట్లో నిబంధన సంగతి చెప్పనక్కర్లేదు.

నేను గొట్టం దగ్గరికి వంగాను. "మామయ్యగారూ" అన్నాను తెలుగులో. "నేనేనండీ. నా మాట వినపడుతోందాండీ?"

అవతల దొర గొంతు ఆగిపోయింది. గార్డు గొంతు రాలేదు, గుమాస్తా గొంతు రాలేదు. నూట పన్నెండు సంభాషణలు తెలిసిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. ఇంజను ఆవిరి చప్పుడు వింటూ నేను ఎదురుచూశాను.

తర్వాత తీగలోంచి గోటి చప్పుడు వచ్చింది. టక్‌మని, ఒక్కసారి.